పనిముట్ల పెట్టె ఊరుమ్మడిగా ఉండవలెను



ఎద్దుబండి నాటి రైతు బండి చెడిన రోజున పట్నం దారి పట్టలేదు. చక్రంలో ఆకు విరిగినను, ఇరుసు వంగినను, వీధి చివర వడ్రంగి ఉండెను; ఆ పక్కనే కొలిమి ఉండెను. పనిముట్లు ఊరిలోనే ఉన్నవి గనుక బండి కూడ ఊరిలోనే బాగుపడెను. నేడు పంట ఇంటికి చేరవలెనన్న ట్రాక్టరు ట్రక్కు కావలెను. మార్కెట్టుకు చేరవలెనన్న చిన్న లారీ కావలెను. 2005లో టాటా ఏస్ వచ్చిన తరువాత అటువంటి చిన్న బండ్లు పల్లెలకు బాగుగా అలవాటైనవి. బండ్లు ఊరిలోనికి వచ్చినవి గాని, వాటిని విప్పి బిగించు పనిముట్లు మాత్రం పట్నంలోనే నిలిచిపోయినవి. నేను ఈ వ్యాసంలో చెప్పదలచినది ఈ ఒక్క లోటును గూర్చియే.

ఇంజను సంగతి నేను ఎత్తుట లేదు. అది మెకానిక్కు పని. బరువు మోయు కమాను కట్టల సంగతి చెప్పుచున్నాను. మన గతుకుల డొంకలలో, కాలువగట్ల మీద, పొలం గట్లు ఎక్కి దిగు చోట ఎక్కువ దెబ్బ తినునది అవే. వాటి పనిలో చాలా భాగం చేతికి అలవాటైన రైతు తానే చేసికొనగలడు. మనలను ఆపుచున్నది పని తెలియకపోవుటకంటె, ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే అవసరమగు నాలుగైదు పనిముట్లు లేకపోవుటయే. అట్టి పనిముట్లను ఒక్క రైతు కొనుట దండుగ. పదిమంది కలిసి కొనుట లాభం.

నా తప్పు మీకు పాఠం కావలెను

నాలుగు సంవత్సరముల క్రిందట, దాళ్వా కోతల రోజులలో, మా ట్రక్కు నిండుగా ధాన్యం బస్తాలతో మిల్లుకు పోవుచుండగా దారిలో ఒక ప్రక్కకు ఒరిగినది. దిగి చూడగా ఎడమవైపు కమాను కట్ట మధ్యనుండు సెంటరు బోల్టు తెగి, ఇరుసు నాలుగు వేళ్ల మేర వెనుకకు జరిగియున్నది. టైరు ట్రక్కు తొట్టికి ఒరుసుకొనుచున్నది. పట్నంలోని మెకానిక్కుకు కబురు చేయగా కోతల రద్దీ వలన మూడు రోజుల వరకు రాలేనన్నాడు. ఆకాశమా, మబ్బు పట్టియున్నది.

బస్తాలు దింపించి, జాకీ తెప్పించి, ఎత్తు చాలక జాకీ క్రింద ఇటుకలు పేర్చితిని. మా తమ్ముడు క్రింద దూరి యూ బోల్టుల నట్లు విప్పుచుండెను. మంచినీళ్ల కొరకు అతడు బయటకు వచ్చి చెంబు అందుకొన్న క్షణంలో ఇటుక పొడియై జాకీ ఒరిగి, చట్రం నేలమీదికి వచ్చినది. అతడు పండుకొనియున్న చోటనే వచ్చినది. ఆ రోజు మా ఇంట ఎవరును అన్నం తినలేదు.

రెండు వందల బస్తాల పంట తడిసినను తరువాతి పంటకు తేరుకొనవచ్చును. ఆ నష్టం అట్టిది కాదు. ఆ ఇటుకల స్థానంలో రెండు మంచి ఆనుడు స్టాండ్లు ఉండియున్నచో ఈ ప్రమాదం తలయెత్తెడిదే కాదు. అవి ఊరిలో ఎవరివద్దను లేవు. నావద్దను లేవు. ట్రాక్టరుకు లక్షలు పెట్టిన నేను ఆ ఇనుప ముక్కలకు పైసా పెట్టలేదు.

కట్ట ఎందుకు చెడును?

పని మొదలు పెట్టుటకు ముందు దాని తీరు తెలిసికొనుట మంచిది. కమాను కట్టలో పొడవైన మొదటి పట్టీకి రెండు చివరల చెవులుండును. ఒక చెవి చట్రానికి పిన్నుతో బిగియును. రెండవ చెవి షాకిలు అను ఊగు ముక్కకు తగులుకొనును. బరువు పడినపుడు కట్ట చదునై పొడవు సాగును గనుక ఆ ఊగు తప్పనిసరి. చెవులలో బుష్షులుండును. పట్టీలన్నిటిని మధ్యలో సెంటరు బోల్టు ఒక వరుసలో ఉంచును. వాటిని ఇరుసుకు నొక్కిపట్టునవి మాత్రం యూ బోల్టులు.

ఇందు గమనింపదగిన విషయం ఒకటి కలదు. సెంటరు బోల్టు తెగినచో చాలమంది ఆ బోల్టునే నిందించి కొత్తది వేసి ఊరకుందురు. దానికి మూలం తరచుగా యూ బోల్టుల వదులు. అవి వదులైనప్పుడు ఇరుసు ముందుకు వెనుకకు కదలి, ఆ ఒత్తిడి అంతయు సన్నని సెంటరు బోల్టు మీద పడి తెగును. మా ట్రక్కుకు జరిగినదియు అదే. యూ బోల్టుల నట్లను ఏడాదికాలంగా ఎవరును తాకలేదు.

ప్రతి కోతకాలానికి ముందు ఈ పరీక్షలు చేయుడు. వీటికి పనిముట్లే అక్కరలేదు. బండిని సమనేల మీద నిలిపి ప్రక్కకు ఒరిగినదేమో చూడుడు. పట్టీల అంచుల మీద మట్టి తుడిచి, అడ్డంగా సన్నని తుప్పు గీత కనబడినచో అది పగులేమో అని అనుమానింపుడు. చట్రం ముందుభాగపు మధ్య బిందువునుండి వెనుక ఇరుసు రెండు కొనలకు ఒకే పగ్గంతో కొలువుడు. రెండు కొలతలు సమంగా లేనిచో ఇరుసు జరిగినదని తెలిసికొనవచ్చును. టైరు ఒకవైపే అరుగుట కూడ అట్టి సూచనయే.

పగిలిన పట్టీని వెల్డింగు చేయింపవద్దు. అది కాచి నీరు పెట్టిన స్ప్రింగు ఉక్కు. వెల్డింగు వేడికి ఆ అతుకు ప్రక్కనే పెళుసై, మరల అక్కడనే విరుగును. అది కూడ బరువుతో ఉన్నప్పుడే విరుగును.

చేయించుకొనదగిన పనిముట్లు

తక్కువ ఖర్చులో పని జరుగవలెనన్న ముందుగా మన ఊరి కొలిమిని, మండల కేంద్రంలోని లేతు మిషనును తలచుకొనవలెను.

మొదటిది, బుష్షులు లాగు సాధనం. దుకాణంలో దీనిని పెట్టెతో సహా అమ్ముదురు. మనము ఒక పొడవాటి మరల కడ్డీ, రెండు నట్లు, మందపాటి వాషర్లు, రెండు గొట్టపు ముక్కలు సేకరించినచో చాలును. ఒక ముక్క బుష్షుకంటె వెడల్పుగా ఉండవలెను. బయటకు వచ్చు బుష్షు దానిలోనికి దిగును. రెండవది బుష్షు బయటి కొలతకంటె రవంత సన్నగా ఉండవలెను. అది వెనుకనుండి నెట్టును. ఇందుకు పాత బేరింగు వలయం చక్కగా పనికి వచ్చును. కడ్డీని మాత్రం మామూలు ఇనుముతో చేయించవద్దు. గట్టి బోల్టుల తల మీద 8.8 అను అంకె ఉండును. ఆ బలం గల కడ్డీనే అడుగుడు. మరలకు గ్రీజు పూసి తిప్పినచో సమ్మెట దెబ్బలతో చెవి పగులగొట్టు బాధ తప్పును.

కొత్త రబ్బరు బుష్షు ఎక్కించునపుడు గ్రీజు పూయవద్దు. అది రబ్బరును ఉబ్బజేసి చెరచును. సబ్బునీరు చాలును. రబ్బరు బుష్షుల బోల్టులను చివరిగా బిగించుట చక్రాలు నేలపై ఆని, బండి తన బరువు తాను మోయుచున్నప్పుడు జరుగవలెను. పైకెత్తి ఉన్నప్పుడే బిగించినచో రబ్బరు మెలిపడి కొద్ది కాలానికే చినుగును.

రెండవది, సన్నమొన గల ఉక్కు కడ్డీ. పట్టీల రంధ్రాలు ఒక వరుసకు తెచ్చుటకు ఇది కావలెను. కమ్మరి గంటలో సాగగొట్టి ఇచ్చును. రంధ్రం కుదిరినదో లేదో చూచుటకు వ్రేలు ఎన్నడును పెట్టరాదు. పట్టీ జరిగినచో వ్రేలు మిగులదు.

మూడవది, బిగింపు కొలుచు ఏర్పాటు. దీనిని కొంచెము వివరింతును. యూ బోల్టు నట్టును ఎంత బిగించవలెనో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉండును. టార్కు రెంచి అను ఖరీదైన పానా ఆ అంకెను చూపును. అది లేనివారు మిరప బస్తాలు, పత్తి మూటలు తూచు వ్రేలాడు కాటాతో ఆ పని నడుపుకొనవచ్చును. పుస్తకంలో 200 న్యూటన్ మీటర్లు అని ఉన్నదనుకొనుడు. దానిని 9.8తో భాగించినచో సుమారు 20 కిలోలు వచ్చును. రింగు పానాకు ఇనుప గొట్టం తొడిగి, నట్టు మధ్యనుండి సరిగా ఒక మీటరు దూరంలో గుర్తు పెట్టి, అక్కడ కాటా కొక్కెం తగిలించి, గొట్టానికి లంబంగా నిదానంగా లాగుడు. కాటా 20 కిలోలు చూపినపుడు నట్టు కదలుట ఆగినచో బిగింపు సరిపోయినది. దూరం అర మీటరైనచో కాటా 40 కిలోలు చూపవలెను. యూ బోల్టు నట్లు చాలా బండ్లకు క్రిందికి ఉండును గనుక గొట్టం నేలకు సమంగా తిరుగును. దాని సొంత బరువు లెక్కలోనికి రాదు.

కాటా నిజం చెప్పుచున్నదో లేదో ముందు చూచుకొనవలెను. కుట్టు విప్పని డి.ఏ.పి. బస్తా 50 కిలోలు. యూరియా బస్తాతో చూచువారు అది 2018 నుండి 45 కిలోలని గుర్తుంచుకొనవలెను. నాలుగు నట్లను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించుకొని రావలెను. ఒకదానిని పూర్తిగా బిగించి రెండవదానికి పోరాదు.

ఉమ్మడిగా కొనదగినవి

కొన్నిటిలో చేతిపనితనం చూపరాదు. మనిషి దేహానికి, బండి బరువుకు మధ్య నిలుచు ప్రతి వస్తువును మంచిదిగానే కొనవలెను. ఈ ఒక్క సూత్రం జ్ఞాపకముంచుకొన్నచో ఎక్కడ పొదుపు చేయవలెనో, ఎక్కడ చేయరాదో మీకే తెలియును.

బండి బరువుకు తగిన జాకీ ఒకటి, బరువు ఎంత మోయునో ముద్రించియున్న ఆనుడు స్టాండ్లు రెండు జతలు కొనవలెను. జాకీ ఎత్తుటకు మాత్రమే, నిలుపుటకు కాదు. ఎత్తిన వెంటనే స్టాండ్లు పెట్టి, బరువు వాటిపై దించి, చట్రాన్ని చేతితో నెట్టి చూచి, ఆ తరువాతనే క్రిందికి పోవలెను. కదలని చక్రాలకు ముందు వెనుకల దిమ్మలు పెట్టవలెను. నేల మెత్తనైనచో స్టాండ్ల క్రింద మందపాటి చెక్క పరచవలెను. స్టాండ్లు దొరకని చోట చేవదేరిన తుమ్మ దిమ్మలను అడ్డదిడ్డముగా, ఒక వరుస నిలువుగా ఒక వరుస అడ్డంగా పేర్చి గూడు కట్టవచ్చును. ఇటుకలు, సిమెంటు దిమ్మలు చెప్పాపెట్టకుండ పొడియగును. నేను కన్నులార చూచితిని.

పిదప పెద్ద సీ క్లాంపులు రెండు. సెంటరు బోల్టు తీయునపుడు పట్టీలు ఒకదానినుండి ఒకటి ఎగసి విడిపోవజూచును. బోల్టుకు ఇరువైపుల క్లాంపులు బిగించి, తరువాతనే నట్టు విప్పవలెను. తిరిగి పేర్చునపుడును అవే ఆధారం. వీటితోపాటు యూ బోల్టులకు సరిపడు బలమైన సాకెట్లు, పొడవాటి పిడి, ఒక గ్రీజు గన్ను ఉండవలెను. నిధి చాలినచో టార్కు రెంచి కొనవచ్చును. అంతవరకు కాటా ఉన్నది.

వీటిని ఎక్కడ కొనవలెను? విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల వాడిన పనిముట్లు కూడ అమ్మకానికి వచ్చును. జలంధర్, లూధియానాలలో తయారైన కొత్త పానాలు మన పట్టణాల ఇనుప దుకాణాలలోనే దొరకును. వాడిన సాకెట్లు, క్లాంపులు, గొట్టాలు పగుళ్లు లేనిచో నిస్సంకోచంగా కొనుడు. సాకెట్టు లోపలి మూలలు గుండ్రబడినచో వద్దు. అది నట్టును చెరచును. వాడిన జాకీని బరువుపెట్టి ఎత్తించి, అరగంట నిలిపి, దిగజారనిదైతేనే తీసికొనుడు. స్టాండ్లు మాత్రం కొత్తవే కొనుడు. వంగి సరిచేసిన స్టాండు పైకి రంగుతో మెరయుచుండును. లోపలి బలహీనత కంటికి కనబడదు.

యూ బోల్టులను తిరిగి వాడవద్దు. ఒకసారి బిగించగా అవి సాగియుండును. కొత్తవి వేసి, మొదటి బరువు తోలకం ముగిసిన పిదప మరల ఒకసారి బిగింపు చూడవలెను. ఈ చివరి మాటను మరచుటవలననే సెంటరు బోల్టులు తెగుచున్నవి.

ముట్టరానివి

చుట్ట స్ప్రింగులు గల బండ్ల జోలికి పోవద్దు. నొక్కియున్న చుట్ట స్ప్రింగులో దాగియున్న బలం ఒక్కసారిగా విడుదలైనచో తుపాకిగుండుతో సమానం. దానిని ఇంట చేసిన కొక్కేలతో, గొలుసులతో నొక్కజూచుట ప్రాణాలతో ఆట. స్టీరింగు కీళ్లు, బ్రేకులు, కాచి వంచవలసిన పట్టీలు కూడ తగిన పనివానికే అప్పగింపుడు. మన పరిమితి మనకు తెలిసియుండుట పనితనంలో సగభాగం.

“ఎరువుల సొమ్ము బరువుల చేటు”

ఉమ్మడి పెట్టె అనగానే పెద్దలు ఈ సామెత చెప్పుదురు. పదిమంది వాడినది పాడగునని, తీసికొన్నవాడు తిరిగి ఇయ్యడని వారి భయం. ఆ భయం నిరాధారం కాదు. మన ఊళ్లలో ఉమ్మడి స్ప్రేయర్లు ఎవరి వాకిట చేరినవో మనకు తెలియనిది కాదు. అయితే దోషం ఉమ్మడితనంలో లేదు. లెక్క లేకపోవుటలో ఉన్నది.

అమెరికాలో విడిభాగాలమ్ము కొన్ని పెద్ద దుకాణాలు ఇట్టి ప్రత్యేక పనిముట్లను ఎరువిచ్చుచున్నవి. పనిముట్టు పూర్తి ధర ముందుగా కట్టించుకొందురు. తిరిగి తెచ్చినపుడు ఆ సొమ్ము వాపసు ఇత్తురు. తేనివాడు కొన్నట్లే. ఇందులో తగవుకు తావు లేదు. మనమును అట్లే చేయవచ్చును. బండ్లు గల పదిమంది తలా పదిహేను వందలు వేసికొన్నచో పదిహేను వేలగును. బేరం చూచి కొన్నచో జాకీ, స్టాండ్లు, క్లాంపులతో పెట్టె మొదలు పెట్టవచ్చును. మిగిలినవి ఏటేట చేర్చుకొనవచ్చును. ఒక పుస్తకంలో తీసికొన్నవాని సంతకం, తేది, తిరిగి ఇచ్చిన తేది, వస్తువు స్థితి వ్రాయవలెను. కోతల కాలంలో ఒక్క రోజుకు మించి ఎవరివద్దను ఉంచరాదు. సభ్యుడు కానివాడు కొద్ది అద్దె ఇచ్చి వాడుకొనవచ్చును. ఆ అద్దె పెట్టెకే చేరవలెను. పెట్టె తాళం ఊరిలో మాటకు విలువ గల ఒక్కరి వద్దనే ఉండవలెను.

గ్రామాధికారులకు ఒక మాట

2014-15లో కేంద్ర ప్రభుత్వం వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ ప్రారంభించిన పిదప యంత్రాలను అద్దెకిచ్చు కేంద్రాలకు సాయం అందినది. నేను చూచిన కేంద్రాలలో ట్రాక్టర్లున్నవి, రోటవేటర్లున్నవి, నాటు యంత్రాలున్నవి. ఆ ట్రాక్టరు వెనుక ట్రక్కు ఇరుసు జరిగినపుడు ఎత్తి నిలుపుటకు రెండు స్టాండ్లు మాత్రం కనబడలేదు. లక్షల యంత్రం వేల పనిముట్టు లేక కోతల నాడు దారిలో నిలుచుట మనకు శోభ కాదు.

కావున సహకార సంఘాల అధ్యక్షులు, గ్రామ వ్యవసాయ సహాయకులు, పంచాయతీ పెద్దలు ఈ విషయం ఒక సమావేశంలో చర్చకు పెట్టవలెనని నా కోరిక. కొత్త పథకం అక్కరలేదు. ఒక ఇనుప పెట్టె, ఒక పుస్తకం, ఒక తాళం చాలును. ఏడాదికొకసారి పట్నం నుండి అనుభవంగల మెకానిక్కును పిలిపించి, ఒక పాత ట్రక్కు మీద విప్పి బిగించు పద్ధతి యువకులకు చూపించినచో అతనికిని గిరాకి తగ్గదు. చిన్న పని మనము చేసికొన్నచో, పెద్ద పనికి అతడు తీరికగా వచ్చును.

ఆ రోజు ప్రమాదం తప్పిన తరువాత మా వీధిలోని ఏడుగురం చందాలు వేసికొని మొదటగా కొన్నవి ఆ రెండు జతల స్టాండ్లే. క్లాంపులు మరుసటి ఏట వచ్చినవి. టార్కు రెంచి ఇంకను రాలేదు, కాటాతోనే నడుపుచున్నాము. నిరుడు ఇద్దరి ట్రక్కులు చెడగా ఒక్క పూటలో ఇంటి వాకిటనే బాగుచేసికొన్నారు.

కోతలు దగ్గర పడుచున్నవి. ఈ వారంలోనే మీ ట్రక్కు క్రిందికి వంగి యూ బోల్టుల నట్లను పానాతో పట్టి చూడుడు. ఆ పానా మీవద్ద లేనిచో, సాయంత్రం రచ్చబండ దగ్గర బండిగల మరి తొమ్మిదిమందిని పిలిచి ఈ మాట ఎత్తుడు.